సాక్షి సంతకం

మా ప్రిన్సిపాల్ గారికి ఒక మంచి అలవాటుంది. ఏ పని ఎవరికీ అక్కర్లేదో ఆ పని తీసుకొచ్చి నా నెత్తిన పెడతారు. "మీరు కామర్సు కదా రాజ్యశ్రీ గారూ, పత్రాలూ లెక్కలూ మీకు మంచినీళ్ళ ప్రాయం" అంటారు పైగా. ఆ గ్రాంటు వ్యవహారం నా దగ్గరికి అలాగే వచ్చింది.

బెంజ్ సర్కిల్లో ఆఫీసున్న ఒక ఫౌండేషన్ వాళ్ళు విజయవాడ చుట్టుపక్కల డిగ్రీ కాలేజీలన్నిటికీ ఉత్తరాలు పంపారు. విద్యార్థులే ఆలోచించి, విద్యార్థులే నడిపే సేవా కార్యక్రమానికి డబ్బిస్తారట. లెక్చరర్ ఒకరు వెనకుండి చూసుకోవాలి గాని ముందుకు రాకూడదట. వెనకుండి చూసుకోవడం నాకు చేతకాని విద్య. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని స్టాఫ్ రూమంతా చెప్పుకుంటారు. అది అబద్ధమని నేనూ అనను.

సెకండ్ ఇయర్ పిల్లల్ని కూర్చోబెట్టి ఆలోచనలు చెప్పమన్నాను. మొక్కలు నాటుదామన్నారు. ఏటా అదే చోట నాటుతున్నాం, ఏటా అవే ఎండిపోతున్నాయి. రక్తదానం అన్నారు. ప్లాస్టిక్ మీద ర్యాలీ అన్నారు. ర్యాలీకి గ్రాంటెందుకు, కాళ్ళు చాలవా అన్నాను. మైలవరం నుంచి వచ్చే కిరణ్‌కుమార్ అనేవాడు లేచి నిలబడ్డాడు. వాడు మాటల మనిషి. కాలేజీలో ఏ సభ జరిగినా మైకు చివరికి వాడి చేతిలోకే చేరుతుంది. యువతలో నాయకత్వ వికాసం గురించి మొదలుపెట్టబోతే కూర్చోమన్నాను.

అప్పుడు చివరి బెంచీలోంచి సాయిశ్రీ మాట్లాడింది. "మా వీధిలో మగ్గం గుంటల్లో నీళ్ళు ఊరతాయి మేడమ్. దానికేమన్నా చెయ్యొచ్చా?"

ఆ పిల్లది పెడన. ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. అంతకుముందు ఆ గొంతు నేను విన్నది అటెండెన్సు పిలిచినప్పుడే. గుంటేమిటి, నీళ్ళేమిటి అని అడిగితే నెమ్మదిగా చెప్పుకొచ్చింది. వాళ్ళ మగ్గం సగం నేల మీద ఉంటే సగం నేలలో ఉంటుంది. నేసే మనిషి గుంట అంచున కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలి, అక్కడి చెక్కలు తొక్కుతూ నేస్తుంది. ఎండాకాలం ఏ బాధా లేదు. బ్యారేజీ దగ్గర కాలవలకు నీళ్ళు వదిలాక పెడన లాంటి పల్లపు ఊళ్ళలో నేలంతా చెమ్మెక్కుతుంది. వాన కూడా పడక్కర్లేదు, గుంట అడుగున దానంతటదే ఊట పుట్టి మోకాళ్ళ లోతు నిలుస్తుంది. నారుమళ్ళకి నీళ్ళొచ్చాయని రైతులు సంబరపడే రోజుల్లో వీళ్ళు చెంబులు పట్టుకుని గుంటలు తోడుకుంటూ ఉంటారు. తోడిన కాసేపటికి మళ్ళీ ఊరుతుంది. దసరా దాకా నేత ఉండదు, కూలీ ఉండదు.

"ఈసారి కూడా గుంట నిండితే మగ్గం అమ్మేస్తానంది మా అమ్మ. రొయ్యల కంపెనీ బస్సు మా వీధి చివరికే వస్తది మేడమ్. అందులో ఎక్కేస్తానంది."

రొయ్యల కంపెనీ పనిని నేను తక్కువ చెయ్యను. దానిమీద నడిచే ఇళ్ళు మా జిల్లాలో ఎన్నో ఉన్నాయి. కాని తెల్లవారకుండా బస్సెక్కి, చల్లటి గదిలో రోజంతా నిలబడి రొయ్యలు ఒలిచే పని అది. సాయిశ్రీ తల్లి భద్రమ్మ చిన్నపిల్లప్పటి నుంచి నేస్తున్న మనిషి. భర్త పోయాక ఆ ఒక్క మగ్గం మీదే పిల్లని డిగ్రీ దాకా చదివించింది. ఒకసారి మగ్గం అమ్ముకుంటే మళ్ళీ కొనడమనేది ఉండదని తల్లికీ తెలుసు, కూతురికీ తెలుసు.

చెయ్యాల్సిందేమిటో కూడా ఆ పిల్ల దగ్గర ఉంది. లేచొచ్చి బోర్డు మీద బొమ్మ గీసింది. గుంట పూడ్చేసి, నేల మీద ఇటుకలతో రెండున్నర అడుగుల అరుగు కట్టి, మగ్గాన్ని దాని మీదకి ఎక్కించడం. కాళ్ళు ఆడే చోటు అరుగు మధ్యలోనే వదులుతారు, అది నేలకి పైనే ఉంటుంది. గుంటే లేకపోతే ఊట ఎక్కడికొస్తుంది? ఇలాంటివి చుట్టాల ఊళ్ళో చూసిందట. నాకు చాలా నచ్చింది. పైకి మాత్రం, గీతలు తిన్నగా గియ్యమన్నాను. సాయిశ్రీ లీడరు, మాట్లాడ్డానికి కిరణ్‌కుమార్, ఇటుకలు మొయ్యడానికి ఇంకో నలుగురు. అలా టీము తయారైంది.

ఎవరిళ్ళలో పని చేస్తామో వాళ్ళ సంతకాలు తెచ్చి అర్జీకి జత చెయ్యాలి. ఆ కాగితం కిరణ్‌కుమార్ తయారు చేశాడు. పైన పెద్దక్షరాలతో 'లబ్ధిదారుల అంగీకార పత్రం' అని, కింద పేరు, ఆధార్ నంబరు, సంతకం. ముచ్చటగా ఉంది. నేనూ సరేనన్నాను. పప్పులో కాలేశామని పెడనలో దిగాక గాని తెలియలేదు.

ఆదివారం పూట వెళ్ళాం. వీధి వీధంతా టీలిచ్చి కూర్చోబెట్టింది. అరుగు సంగతి సాయిశ్రీ చెప్తుంటే ఆడవాళ్ళూ మగవాళ్ళూ తలలూపారు, కట్టేది ఎప్పుడని కూడా అడిగారు. తీరా కాగితం బయటికి తీసేసరికి మొహాలు మారిపోయాయి. పొయ్యి మీద పాలున్నాయంటూ ఒకావిడ లోపలికెళ్ళింది. ఇంట్లో మగవాళ్ళు లేరని ఇంకొకావిడ అంది. ఆ లేని మగవాడు లోపల మగ్గం మీద టకటకలాడిస్తూనే ఉన్నాడు.

వీధిలో పెద్దాయన చౌడయ్య గారు. ఆయనింట్లో రెండు మగ్గాలు, ఒకటి ఆయనది, ఒకటి భార్యది. ఆయన ఏమంటే వీధి అదే అంటుందని చూడగానే తెలిసిపోయింది. కళ్ళజోడు సర్దుకుని, కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి, మడతపెట్టి నా చేతికిచ్చేశారు.

"ఇందులో లబ్ధిదారు అనుందండి. మేం ఇప్పటికే ఒక పథకంలో లబ్ధిదార్లం. ఇంకోదాంట్లో పేరెక్కితే మొదటిది ఎగిరిపోద్ది. ఆధార్ కూడా అడిగారు. మాకొద్దండి."

ఇది ప్రభుత్వం పథకం కాదు, పిల్లలు చేసే పని అని కిరణ్‌కుమార్ ఉపన్యాసం అందుకున్నాడు. వాడు చెప్పినకొద్దీ వాళ్ళకి అనుమానం పెరిగింది. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కాదు, ఆ మాట మీద. మా వైపు ఇప్పుడు ఎవరైనా గుమ్మంలో నిలబడి లబ్ధిదారు అన్నారంటే, ఏదో వస్తుందన్న సంతోషం కంటే ఉన్నదేదో ఊడిపోతుందన్న భయమే ముందు పుడుతుంది. పక్కవీధిలో ఎవరికో పింఛను ఆగిందట, ఎందుకాగిందో ఎవరికీ తెలియదట. అంత చాలు.

భద్రమ్మ అప్పుడే మగ్గం దిగి వచ్చింది. సన్నగా ఉంటుంది. చేతికంటిన దారప్పోగు దులుపుకుంటూ, ఎక్కడ పెట్టాలని అడిగింది. అందరూ చూస్తుండగా మొదటి గడిలో పేరు రాసి, ఆధార్ నంబరు చూడకుండా చెప్పి, సంతకం పెట్టింది. ఆలోచించుకోమని చౌడయ్య గారు హెచ్చరించారు.

"ఆలోచించాను మావయ్య గారూ. పోతే ముందు నాదే పోద్ది కదా. అది చూసి మీరు ఆగుదురుగాని" అంది.

ఆ మాట తర్వాత పాలావిడ బయటికొచ్చింది. లేని మగవాడూ వచ్చాడు. సాయంత్రానికి పది మగ్గాలకీ సంతకాలు వచ్చాయి. చివరి సంతకం చౌడయ్య గారిది, రెండు మగ్గాలకీ కలిపి ఒకటే.

అర్జీ వెళ్ళిన కొన్నాళ్ళకి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. మా పిల్లలు స్వీట్లు కూడా పంచేశారు. ఆ పిలుపుతో పాటు ఒక హామీ పత్రం పంపారు, అందరూ సంతకాలు చేసి తీసుకురావాలని. చదువుతూ చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. టీములో ఉన్న విద్యార్థుల కుటుంబ సభ్యులెవరూ లబ్ధిదారులుగా ఉండరాదు. అర్జీలో ఎక్కడా లేని ముక్క ఇప్పుడు దిగింది.

ఆ నియమం తప్పని అనలేను. పిల్లలకి ఆడిటింగ్ చెప్పుకునే దాన్ని, నేనే రాసినా అదే రాసేదాన్ని. అందుకే మరీ కోపమొచ్చింది. ఎవరికి తెలుస్తుంది మేడమ్, వాళ్ళమ్మ గారి ఇంటిపేరు మార్చి రాద్దాం అన్నాడు కిరణ్‌కుమార్. నేను చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

సాయిశ్రీ హామీ పత్రం రెండుసార్లు చదువుకుంది. "నా పేరు తీసెయ్యండి మేడమ్. కిరణ్ లీడరని రాయండి" అంది. ఆలోచన నీది, బొమ్మ నీది, పిచ్చిదానిలా మాట్లాడకు అని కేకలేశాను. ఆ పిల్ల కదలలేదు. తన పేరు లేకపోతే తనకి పోయేదేమీ లేదని, మగ్గం లేకపోతే అమ్మకి అన్నీ పోతాయని నాకే నచ్చచెప్పింది. చివరికి పేరు కొట్టేశాను. కాగితం మీద అంతా సక్రమంగానే ఉంది. నా మనసుకి మాత్రం అది సక్రమంగా అనిపించలేదు.

ఇంటర్వ్యూ రోజు బెంజ్ సర్కిల్ దాటేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. బట్టల షోరూం పైన మూడో అంతస్తులో వాళ్ళ ఆఫీసు. సాయిశ్రీ కూడా వచ్చింది గాని బయట బెంచీ మీద కూర్చుండిపోయింది. లోపల డయానా గారని, ఈ గ్రాంట్లన్నీ చూసే అధికారి. వయసు నాకంటే బాగా తక్కువ. గొంతు పెంచరు, ప్రశ్న మాత్రం సూటిగా వేస్తారు. కిరణ్‌కుమార్ పెడన గురించి, కాలవల గురించి, చేనేత గురించి వినసొంపుగా చెప్పాడు. ఆవిడ అంతా విని, అరుగు రెండున్నర అడుగులే ఎందుకని అడిగారు. మూడెందుకు కాకూడదు, రెండెందుకు చాలదు?

కిరణ్‌కుమార్ నోట మాట లేకపోవడం నేను మొదటిసారి చూశాను. ఆగలేక నేను అందుకోబోతే, పిల్లల్ని చెప్పనివ్వండి మేడమ్ అన్నారావిడ. నాలుక కరుచుకున్నాను. వాడు ఒకసారి నావైపు, ఒకసారి తలుపువైపు చూశాడు.

"నాకు తెలీదండి. ఇదంతా సాయిశ్రీది. బయట బెంచీ మీద కూర్చుంది. పదిట్లో వాళ్ళమ్మ గారి మగ్గం ఒకటి ఉందండి, అందుకని పేరు తీయించేసుకుంది" అన్నాడు ఒక్క ఊపిరిలో.

భూమి చీలితే బాగుండుననిపించింది నాకు. కాని ఆ నిమిషంలోనే ఆ కుర్రాడంటే గౌరవమూ పుట్టింది. డయానా గారు సాయిశ్రీని లోపలికి పిలిపించి అదే ప్రశ్న అడిగారు. ఆ పిల్ల తడుముకోలేదు. వీధిలో అన్ని ఇళ్ళ దూలాలూ కొలిచానని, అందరిలోకి తక్కువది చౌడయ్య తాతయ్య గారి ఇల్లని, ఇంకాస్త ఎత్తు కడితే మగ్గమెక్కిన ప్రతిసారీ ఆయన తల దూలానికి కొట్టుకుంటుందని చెప్పింది. తక్కువ కడితే కాళ్ళు మడుచుకోవాల్సొస్తుందట. డయానా గారి మొహంలో నవ్వొచ్చింది. మరుక్షణం పోయింది.

"పని బావుంది. కాని ఇలా కుదరదమ్మా. నడిపే అమ్మాయిని బయట కూర్చోబెట్టి ఇంకొకరి పేరు రాస్తే నేను సంతకం పెట్టలేను. నువ్వు టీములో ఉంటే మీ అమ్మగారి మగ్గం ఉండదు. ఆ మగ్గం ఉండాలంటే నువ్వు నిజంగానే ఈ పనిలో ఎక్కడా ఉండకూడదు. ఈ సంతకాల కాగితం తీసుకెళ్ళి, ఏదో ఒకటి తేల్చి శనివారంలోగా పంపండి."

ఇక నాకు ఆగలేదు. ఏ ఇంట్లో కష్టముందో ఆ ఇంటి పిల్లకేగా ఆ కష్టం తెలిసేది, ఆ ఇంటినే తీసెయ్యమంటే ఇదెక్కడి సేవండీ అని గట్టిగానే అన్నాను. ఆవిడ నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చారు. తర్వాత, ఇదివరకు ఒకచోట గ్రాంటు డబ్బుతో ఒక విద్యార్థి సొంతింటికి ప్రహరీ గోడ లేచిందని చెప్పారు. ఆ దెబ్బతోనే ఈ నియమం పెట్టాల్సొచ్చిందట. మెట్లు దిగుతూ నా మీద నేనే విసుక్కున్నాను.

ఆ మర్నాడే పెడన వెళ్ళాం, నేనూ సాయిశ్రీ, కిరణ్‌కుమార్. దారంతా ఆ పిల్ల ఒకటే మాట, తను పూర్తిగా తప్పుకుంటానని. ఇంటికెళ్ళి తల్లికీ అదే చెప్పింది. భద్రమ్మ మగ్గం మీద నుంచే విని, ఆ చీర వరస పూర్తయ్యాక దిగి వచ్చింది.

"నువ్వు లేకపోతే ఈ కిరణ్ బాబు కట్టిస్తాడా?" అని అడిగింది. కిరణ్‌కుమార్ భయంగా తల అడ్డంగా ఊపాడు.

"నాకు పేరెందుకమ్మా? నీకు మగ్గం కావాలి" అంది సాయిశ్రీ.

"మగ్గం నాది. బొమ్మ నీది. నా మగ్గం కోసం నీ బొమ్మ ఇంకొకళ్ళదని రాయించుకుంటే, ఆ అరుగెక్కి నేనేం నేస్తానే? నా వల్ల కాదు." తర్వాత నావైపు తిరిగింది. "నా పేరు కొట్టెయ్యండి మేడమ్ గారూ."

నీళ్ళొస్తే ఏం చేస్తావంటూ సాయిశ్రీ ఏడ్చేసింది. బస్సుంది కదా అంది భద్రమ్మ, పక్కింటికి వెళ్ళొస్తానన్నంత తేలిగ్గా. పెన్ను తీసి మొదటి గడిలో గీత గీశాను.

కథ అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. పెడన వీధిలో ఒక ఇంట్లో గీసిన గీత ఎదురింటికి తెలియడానికి ఎంతసేపు? చౌడయ్య గారు వెనకాల వీధినంతా వేసుకుని వచ్చేశారు.

"మొదటి పేరే కొట్టేశారంటే ఏదో తిరకాసుందండి. మావీ కొట్టెయ్యండి."

నియమం చదివి వినిపించాను. అర్థం విడమరిచి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "కూతురు లీడరైతే తల్లికి అందరికంటే ముందు రావాలి గాని, రాకపోవడమేంటండి? ఏ ఊళ్ళో జరిగిందండీ ఇది?" అన్నారు. వీధంతా నిజమే కదా అన్నట్టు నావైపు చూసింది. ఒకావిడ తన పేరు ఎక్కడుందో చూపించమని కాగితం మీదకి వంగింది. ఇంకాసేపుంటే గడులన్నీ ఖాళీ అయ్యేవి. శనివారానికి ఇవ్వడానికి మా దగ్గర ఏమీ మిగిలేది కాదు.

భద్రమ్మ కాగితం తన చేతిలోకి తీసుకుంది. అడుగున కొంత ఖాళీ ఉంది. అక్కడేం రాస్తారని అడిగింది. ఏమీ రాయరన్నాను.

"అయితే సాక్షి అని రాయండి. కింద నా పేరు రాయండి."

ఫౌండేషన్ వాళ్ళ పత్రంలో అలాంటి గడి లేదని చెప్పబోయి ఊరుకున్నాను. ఈ ఊళ్ళలో పొలం అమ్మినా, అప్పు రాసినా, చీటీ పాడుకున్నా కాగితానికి అడుగున సాక్షి ఉండాల్సిందే. సాక్షి లేని కాగితాన్ని ఎవరూ కాగితమే అనుకోరు. కిరణ్‌కుమార్ గుండ్రటి అక్షరాలతో 'సాక్షి' అని రాశాడు.

"సాక్షంటే తెలుసా భద్రమ్మా?" అన్నారు చౌడయ్య గారు. "రేపేదన్నా తేడా వస్తే ఈ మేడమ్ గారిని అడగం. ఆ పిల్లల్నీ అడగం. నిన్నే అడుగుతాం."

"అడగండి మావయ్య గారూ. నేనెక్కడికి పోతాను? ఇక్కడే ఉంటాను" అంది భద్రమ్మ, సంతకం పెడుతూ.

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ సంతకం చూశారు. సరే, పేర్లు అలా ఉండనివ్వండి అని వెనక్కి తిరిగారు. ఆయన వెనకే అందరూ వెళ్ళిపోయారు.

శనివారం నాడు డయానా గారు ఆ కాగితం చూసి, ఈ సాక్షి ఎవరు, మా పత్రంలో లేదే అని ఫోన్ చేశారు. మా వైపు అది లేనిదే చెల్లదండీ అన్నాను. ఎవరో చెప్పాను కూడా. ఉంచండి అన్నారు. గ్రాంటు తొమ్మిది మగ్గాలకి వచ్చింది, లీడరు సాయిశ్రీ పేరుతో.

ఎండాకాలం సెలవులు మొత్తం పిల్లలు పెడనలోనే ఉన్నారు. మేస్త్రీ కట్టాడు, వీళ్ళు మోశారు. సాయిశ్రీ ఇంటింటికీ టేపు పట్టుకు తిరిగింది, వంకరొచ్చిన అరుగు ఒకటి పడగొట్టించి మళ్ళీ కట్టించింది. మైకు పట్టుకున్న చేతులతోనే కిరణ్‌కుమార్ సిమెంటు కలిపాడు. పని లెక్కలు నేను చూశాను. మిగిలిన ఇటుకలు కూడా లెక్కపెట్టి వెనక్కి పంపించాను. భద్రమ్మ ఇంటి ముందు నుంచే ఆ ఇటుకల బండి వెళ్ళింది. నాకు అటు చూడబుద్ధి కాలేదు.

కాలవలకు నీళ్ళొచ్చాయి. పని పూర్తయిన ఫొటోలు ఫౌండేషన్‌కి పంపాలని మళ్ళీ అందరం పెడన వెళ్ళాం. అంతకుముందు ఏ వానాకాలమూ వినపడని చప్పుడు ఆ వీధిలో వినిపించింది. ఇంటింటా మగ్గాలు ఆడుతున్నాయి. తొమ్మిది ఫొటోలు తీయాల్సిన వాళ్ళం ఎనిమిదే తీశాం, చౌడయ్య గారింట్లో రెండో మగ్గం ఖాళీగా ఉంది. ఆయన భార్యకి కంటి ఆపరేషన్ అయిందట, దసరా దాకా మగ్గం ఎక్కొద్దన్నారట. మంచం మీద నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న ఆవిడ, నా మగ్గానికి బెంగ పట్టుకుందమ్మా అంది నాతో.

భద్రమ్మ ఇంట్లో చప్పుడు లేదు. గుంటలో నీళ్ళు మోకాళ్ళు దాటి ఉన్నాయి. రెండు కప్పలు కూడా చేరాయి. సగం నేసిన చీర, ఇంకా నెయ్యాల్సిన పడుగు దారాలతో సహా, అలాగే మగ్గం మీద ఉంది, తడవకుండా దాన్ని పైకి కట్టింది. సోమవారం నుంచి బస్సుకి రమ్మన్నారని చెప్పింది. మగ్గానికి బేరం కూడా కుదిరిందట. సాయిశ్రీ మాట్లాడకుండా చెంబు తీసుకుని గుంటలోకి దిగి నీళ్ళు తోడడం మొదలుపెట్టింది. వద్దే, మళ్ళీ ఊరుద్ది అంది తల్లి. ఆ పిల్ల వినిపించుకోలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, ఎవరిని తిట్టాలో మాత్రం తెలియలేదు.

అప్పుడు గుమ్మంలో చౌడయ్య గారి గొంతు వినిపించింది. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి, బస్సెక్కుతున్నావట కదా అని అడిగారు. అవునంది భద్రమ్మ.

"సంతకం పెట్టిన రోజు ఏమన్నావ్?"

భద్రమ్మకి అర్థం కాలేదు.

"ఇక్కడే ఉంటానన్నావ్. తేడా వస్తే అడగమన్నావ్. మీ అమ్మాయి కట్టించిన అరుగు రేపు బీటలిస్తే నేనెవర్నడగాలి? రొయ్యల కంపెనీకొచ్చి అడగనా? సాక్షి సంతకం పెట్టిన మనిషి ఊళ్ళో ఉండాలి భద్రమ్మా. మీ అత్తయ్య మగ్గం ఖాళీగా ఉంది. నీ పడుగు తీసుకొచ్చి దానిమీద ఎక్కించు."

గుంటలో చెంబు చప్పుడు ఆగిపోయింది. భద్రమ్మ గడప దాకా వచ్చి, అద్దె ఎంతివ్వమంటారు మావయ్య గారూ అని మెల్లగా అడిగింది.

"సాక్షి దగ్గర అద్దె పుచ్చుకున్నాడని వీధిలో నాకు పేరు తెస్తావా?" అని కసిరారాయన. "దసరా దాకా అది. ఆ తర్వాత ఆవిడా నువ్వూ తేల్చుకోండి. పొద్దెక్కుతోంది, కానివ్వండి."

భద్రమ్మ మాకు వీపు తిప్పి, కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత వంగి పడుగు ముళ్ళు విప్పసాగింది. సాయిశ్రీ గుంటలోంచి తడికాళ్ళతో ఎక్కి వచ్చి రెండో పక్క పట్టుకుంది. వెనకుండి చూసుకోవాల్సిన నేను కూడా మధ్యలో ఒక చెయ్యి వేశాను. చుట్టిన దారమంతా వీధిలో పొడుగ్గా మోసుకుంటూ చౌడయ్య గారింటికి నడిచాం. కిరణ్‌కుమార్ ఒక పక్క ఉపన్యాసం మొదలుపెడితే ఎవరూ ఆపలేదు. పడుగు బురద తగలకుండా ఎత్తి పట్టుకోండని చౌడయ్య గారు దారి పొడుగునా అరుస్తూనే ఉన్నారు.